తుప్పుకు దుప్పటి కప్పొద్దు

"ఏం కాదులే సార్, రెడాక్సైడ్ ఒక కోటు కొడితే తుప్పు చచ్చిపోతాది."

నంద్యాలలో గానీ, ఆళ్లగడ్డలో గానీ, నడిమధ్య శిరివెళ్లలో గానీ టింకరింగ్ షెడ్డు ముందు బండి ఆపి, తలుపు కింది అంచున రాలుతున్న పెచ్చు చూపిస్తే వినబడే మాట ఇదే. చెప్పేవాళ్లు మోసగాళ్లు కారు. పని నేర్పిన మేస్త్రీ దగ్గర విన్నమాటను మనస్ఫూర్తిగా నమ్మి చెబుతున్నారు. బండి యజమానులు కూడా అంతే మనస్ఫూర్తిగా నమ్ముతున్నారు. ఊడేది గీకెయ్, ఊడనిది వదిలెయ్, పైన ఎర్ర ప్రైమరో తుప్పు కన్వర్టరో కొట్టు, గుంటల్లో లప్పం నింపు, ఉప్పు కాగితంతో నునుపు చెయ్, రంగు వెయ్. మా జిల్లాలో పాత బండికి రంగు వేయడమంటే ఇదీ వరస.

ఈ వరస తప్పు. కొంచెం తక్కువ మంచిదని, డబ్బున్నవాళ్లకు ఇంకో మంచి పద్ధతి ఉందని చెప్పి సర్దుకునే తప్పు కాదిది. తుప్పు ఉండగా దానిమీద రంగు వేయడం కంటే అసలు రంగు వేయకుండా వదిలేయడమే చాలాసార్లు మేలు. రంగు లేకపోతే తుప్పు కంటికి కనబడుతుంది, మనిషి జాగ్రత్త పడతాడు. రంగు వేస్తే అది చాటున తినడం మొదలుపెడుతుంది.

మా ఇంట్లో ఒక మారుతి 800 ఉండేది. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు నిండి రెన్యువల్‌కు పెట్టాల్సిన ఏడాది దానికి మొత్తం రంగు వేయించాను. షెడ్డు నుంచి తెచ్చిన రోజు వీధంతా వచ్చి చూశారు, కొత్త బండిలా ఉందన్నారు. రెండో వానాకాలం దాటేసరికి తలుపుల కింద, పొడుగునా ఉండే పట్టీ మీద పొక్కులు లేచాయి. ఒక పొక్కు మీద బొటనవేలితో నొక్కాను. వేలు లోపలికి దిగింది. చాకుతో చుట్టూ కోసి చూస్తే ఉల్లిపాయ పొరల్లాగా ఒకదాని కింద ఒకటి: మెరుస్తున్న రంగు, దాని కింద అర అంగుళం లప్పం, దాని కింద ఎర్ర ప్రైమరు, దాని కింద పొరలు పొరలుగా తుప్పు. ఆ తుప్పు కింద ఇనుము లేదు. పైరంగు మాత్రం అప్పటికీ వెలిసిపోలేదు. పైన పటారం, లోన లొటారం అని పెద్దలు ఎందుకన్నారో ఆ రోజు నా వేలికి తెలిసింది. రంగు వేసిన మనిషి చెడ్డ రంగు వాడలేదు, చెయ్యి తిరగనివాడూ కాదు. మేమిద్దరం నమ్మిన మాటే చెడ్డది.

ఆ మాటలో మొదటి పొరపాటు తుప్పును మురికితో సమానం చేయడం. మురికి బయటి నుంచి వచ్చి పడుతుంది, తుప్పు ఇనుములోంచే పుడుతుంది. ఇనుము మీద తడి చేరి, గాలిలోని ఆక్సిజన్ తగిలితే ఆ రేకు మీదే కంటికి కనబడని చిన్నచిన్న బ్యాటరీలు తయారవుతాయి. ఒకచోట ఇనుము కరిగి ఎలక్ట్రాన్లను వదులుతుంది, పక్కచోట ఆక్సిజన్, నీరు కలిసి వాటిని అందుకుంటాయి. కరిగిన ఇనుము ఆక్సిజన్‌తో కలిసి ఎర్రటి పొడిగా తేలుతుంది. ఆ పొడి తాను తిన్న ఇనుము కంటే రెండింతల నుంచి ఆరింతల దాకా చోటు ఆక్రమిస్తుంది. అందుకే రెండు రేకులు అతికిన చోట తుప్పు పుడితే అది రేకులను విడదీసి ఉబ్బిస్తుంది. అల్యూమినియం మీద ఏర్పడే ఆక్సైడు పొర కింది లోహానికి కరుచుకుని దాన్ని కాపాడుతుంది. ఇనుప తుప్పుకు ఆ గుణం లేదు. అది పుచ్చిన చెక్కలా బొరియల మయం. ఆ బొరియల్లో తడి నిలుస్తుంది, ఉప్పు నిలుస్తుంది.

ఉప్పు సంగతి ఇంకా ముఖ్యం. బొరియ అడుగున చేరిన క్లోరైడు ఇనుముతో కలిసి ఐరన్ క్లోరైడు అవుతుంది. అది మళ్లీ తుప్పుగా మారేటప్పుడు క్లోరైడు విడుదలై పక్కనున్న ఇనుము మీద పడుతుంది. అంటే చిటికెడు ఉప్పు ఖర్చైపోకుండా ఏళ్ల తరబడి అదే పని చేస్తూ ఉంటుంది. పైన రంగు వేస్తే ఆగదా? ఆగదు. నీటి ఆవిరిని పూర్తిగా ఆపే రంగు ఏదీ లేదు. కారు మీద ఉన్న రంగు పొరలన్నీ కలిపినా ఒక మిల్లీమీటరులో పదోవంతుకు కాస్త అటూ ఇటూ. దానిగుండా ఆవిరి సన్నగా దూరుతూనే ఉంటుంది. కింద ఉప్పు ఉంటే అది ఆ ఆవిరిని లాక్కుంటుంది. శనగలు నానబెడితే నీరు తోలు దాటి లోపలికి పోయి గింజ ఉబ్బినట్టే, రంగు పొర కింద నీరు చేరి పొక్కు లేస్తుంది. నా మారుతి మీద లేచినవి ఆ పొక్కులే. తుప్పు మీద రంగు వేసిన రోజే వాటికి విత్తనం పడింది.

ఇక రెడాక్సైడ్. మా ప్రాంతంలో దీనికి ఉన్న పేరు ఏ మందుకూ లేదు. అందులోని ఎరుపు ఏమిటి? ఐరన్ ఆక్సైడు. రసాయనం లెక్కన అది తుప్పుకు దగ్గరి చుట్టమే. స్థిరంగా ఉండే పొడి కాబట్టి అది ఇనుముకు చెరుపు చేయదు. శుభ్రమైన ఇనుము మీద వేస్తే గాలికీ తడికీ కొంత అడ్డుగా నిలబడుతుంది. కానీ తుప్పును చంపే శక్తి అందులో రవ్వంత కూడా లేదు. మరి ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చింది? పూర్వం వంతెనలకూ ఓడలకూ పూసిన ఎర్ర ప్రైమరు సీసపు సిందూరంతో చేసింది. సిందూరం నూనెతో కలిసి సీసపు సబ్బులుగా మారి, ఇనుము కరగకుండా నిజంగానే అడ్డుకునేది. సీసం విషమని తెలిశాక దాన్ని పక్కన పెట్టారు. దాని చోటులోకి అదే ఎరుపుతో ఐరన్ ఆక్సైడు వచ్చింది. ఎరుపును చూసి జనం పాత గుణాన్ని కొత్త డబ్బాకు అంటగట్టారు. తాతగారి మాట తాతగారి ప్రైమరు విషయంలో కొంతవరకు నిజమే. మనుమడు కొంటున్న డబ్బా విషయంలో నిజం కాదు.

రెడాక్సైడ్ నమ్మకం పోయినవాళ్లు కన్వర్టరు దగ్గర ఆగుతున్నారు. "తుప్పు తీయక్కర్లేదు, ఇది రాస్తే తుప్పే నల్లటి రక్షణ పొరగా మారిపోతుంది" అంటున్నారు. ఇందులో సగం నిజం ఉంది, అందుకే ఇది మరింత జాగ్రత్తగా విప్పి చూడాల్సిన మాట. కన్వర్టర్లలో ఎక్కువగా ఉండేవి టానిక్ ఆమ్లం, ఫాస్ఫారిక్ ఆమ్లం. టానిన్ ఇనుముతో కలిస్తే నల్లబడుతుందని మన తెలుగునేలకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు తుప్పుపట్టిన ఇనుప ముక్కలను బెల్లపు నీళ్లలో రోజుల తరబడి పులియబెట్టి కసిమి తయారు చేస్తారు. కరక్కాయ రసంలో, పాలలో ముంచి ఆరబెట్టిన గుడ్డ మీద ఆ కసిమితో గీత గీస్తే గీసిన చోటల్లా కారునలుపు తిరుగుతుంది. కరక్కాయలోని టానిన్ ఇనుమును పట్టుకోవడమే ఆ నలుపు. కన్వర్టరు డబ్బాలో జరిగేది సూత్రంలో అదే.

కానీ ఆ కళాకారుడు కరక్కాయ రసంలో ముంచే ముందు ఏం చేస్తాడు? కోరా గుడ్డలోని గంజి, జిడ్డు పోయేదాకా ఉతుకుతాడు. జిడ్డున్న చోట రసం దిగదు, రసం దిగని చోట నలుపు నిలవదు. ఇనుము మీదా ఇంతే. కన్వర్టరు తాను తడిపినంత మేర మాత్రమే మారుస్తుంది. తుప్పు మందంగా, పొరలు పొరలుగా ఉంటే పై పొర నల్లబడుతుంది, అడుగు పొర ఎర్రగానే మిగిలి ఇనుమును తింటూ ఉంటుంది. నల్లబడిన పైపొరను చూసి పని అయిపోయిందనుకుంటాం. జిడ్డు ఉంటే అసలు పట్టదు. బొరియల్లో దాగిన క్లోరైడును అది బయటికి తీయదు. వదులుగా ఉన్న తుప్పంతా ముందు తీసేయాలని తయారుచేసేవాళ్లే చెబుతారు. ఆ మాట షెడ్డు దాకా రావడం లేదు. కన్వర్టరు మంచి వస్తువే. తుప్పు తీసిన తరువాత గుంటల అడుగున మిగిలే నల్లటి చుక్కలకు అది మందు. తుప్పు తీయకుండా తప్పించుకోవడానికి మాత్రం మందు కాదు.

"ఇది రాయలసీమ. ఎండల సీమ. సముద్రం ఎక్కడ, మనం ఎక్కడ? విశాఖలోనో మచిలీపట్నంలోనో అయితే చెప్పు" అనేది మరో వాదన. ఈ వాదన చేసేవాళ్లు నంద్యాలను సరిగా చూడలేదంటాను. ఒకవైపు నల్లమల, ఇంకోవైపు ఎర్రమల, నడుమ కుందూ లోయ. 1860లలో తవ్వకం మొదలైన కె.సి. కాలువ పారే పొలాలు. నీటిని రోజుల తరబడి పట్టి ఉంచే నల్లరేగడి. చలికాలం పొద్దున్నే ఈ లోయలో బండి అద్దాల మీద మంచు నీరు కారుతుంది. గాలిలో తేమ అరవై శాతం దాటితే చాలు, ఇనుము తుప్పు పట్టే వేగం పెరుగుతుంది. ఉప్పు చేరిన ఇనుముకు ఆ మాత్రం తేమ కూడా అక్కర్లేదు. వేసవిలో 44, 45 డిగ్రీల ఎండకు రేకు సాగి, రాత్రికి ముడుచుకుని, అంచుల్లో రంగు నెర్రెలిస్తుంది. తొలకరి నీరు ఆ నెర్రెల్లోకే దిగుతుంది. 2019 సెప్టెంబరు వానలకు కుందూ, మద్దిలేరు పొంగాయి, మహానంది ఆలయంలోకే నీళ్లు వచ్చాయి. అలాంటి నీళ్లలో నిలబడిన బండికి చాపల కింద, తలుపుల లోపలి సందుల్లో బురద ఎన్ని నెలలు ఉంటుందో లెక్కవేయండి. నల్లరేగడి బురద ఆరితే రాయి, తడిస్తే స్పాంజి.

సముద్రం దూరమే. కానీ ఉప్పును మనమే బండెక్కించి తెచ్చుకుంటున్నాం. పొలానికి పొటాష్ బస్తాలు వేసే బొలేరో వెనక తొట్టిని చూడండి. పొటాష్ అంటే పొటాషియం క్లోరైడు. సముద్రపు ఉప్పులో ఇనుమును తినే క్లోరైడే ఇందులోనూ ఉంది. బస్తా చిరిగి రాలిన గుప్పెడు పొటాష్ మూలల్లో, బోల్టుల చుట్టూ చేరి, మంచుకు తడిసి, ట్రాలీ అడుగును తినేస్తుంది. అమ్మోనియా ఎరువులు దానికి తోడు. ఆళ్లగడ్డ చుట్టుపక్కల ట్రాక్టరు ట్రాలీల అడుగు రేకులు ఎందుకంత త్వరగా జల్లెడలవుతున్నాయని అడిగితే, జవాబు బంగాళాఖాతంలో లేదు, మన ఎరువుల గోడౌనులో ఉంది. పొడినేల అనే ధైర్యంతో తుప్పు మీద రంగు వేసే హక్కు మనకు లేదు.

ఎక్కువమంది అసలు వాదన ఇవేవీ కావు. అది డబ్బు. "తుప్పు మొత్తం తీయాలంటే రెండు రోజుల కూలి సార్, ఎవరిస్తారు?" అంటాడు మేస్త్రీ. నిజమే, యజమాని ఇవ్వడు. ఎఫ్.సి.కి ముందు, రెన్యువల్‌కు ముందు, అమ్మకానికి ముందు బండి మెరవాలి, అంతే. మెరిస్తే చాలనుకునే కొనుగోలుదారు ఉన్నంతకాలం మెరిపించే పనివాడే ఉంటాడు. ఈ తప్పులో పెద్ద వాటా యజమానులదే, అందులో ఒకప్పటి నాదీ. అయినా లెక్క మాత్రం తప్పు. రెండేళ్లకోసారి రంగు వేయించే ఖర్చు, ప్రతిసారీ కొంత పలచబడే రేకు, చివరికి కింది పట్టీ కోసి కొత్తది వెల్డింగ్ చేసే ఖర్చు, వీటన్నిటినీ మొదటి రెండు రోజుల కూలి పక్కన పెట్టి చూడాలి. కారు రేకు మందం 0.7, 0.8 మిల్లీమీటర్లు. పోగొట్టుకోవడానికి అక్కడ మిగులు లేదు.

ఈ లెక్కను మనకంటే వెయ్యిరెట్లు పెద్దగా వేసుకున్నవాళ్లు ఉన్నారు. స్కాట్లాండ్‌లో ఫోర్త్ రైలు వంతెన 1890లో ప్రారంభమైంది. ఒక చివరి నుంచి రంగు వేస్తూ పోయి రెండో చివర చేరేసరికి మొదటి చివర మళ్లీ వేయాల్సి వస్తుందని, ఎప్పటికీ తెమలని పనికి ఆ వంతెన పేరే సామెతగా మారింది. పాత రంగు మీద కొత్త రంగు, దానిమీద మరో రంగు అలా పేరుకుంటూ పోయాయి. 2002లో మొదలుపెట్టి ఆ పొరలన్నీ ఇనుము కనబడేదాకా ఊడగొట్టి, గాజు పలుకులు కలిపిన ఎపాక్సీ పూత వేశారు. 2011 డిసెంబరులో పని ముగిసింది. ఇక కనీసం పాతికేళ్లు రంగు అక్కర్లేదని ప్రకటించారు. నూరేళ్ల పైచిలుకు సాగిన సామెతను ఆపింది కొత్త రంగు ఒక్కటే అనుకుంటే పొరపాటు. అదే ఎపాక్సీని పాత పొరల మీద వేసి ఉంటే పాత పొరలతోపాటే ఊడేది. ముందు ఇనుమును చూశారు కాబట్టి నిలిచింది.

ఇనుము కనబడేదాకా తీయడమంటే ఎంత తీయాలి? దీనికీ కొలత ఉంది. స్వీడన్‌వాళ్లు మొదలుపెట్టి తరువాత అంతర్జాతీయ ప్రమాణంగా మారిన పద్ధతిలో ఇనుప ఉపరితలాన్ని ఫొటోలతో పోల్చి చూస్తారు. చేతి పనిముట్లతో శుభ్రం చేస్తే ఎస్‌టి 2, ఎస్‌టి 3 అంటారు. గాలి ఒత్తిడితో రాపిడి గుళ్లు కొట్టి శుభ్రం చేస్తే ఎస్‌ఏ 1 నుంచి ఎస్‌ఏ 3 దాకా మెట్లున్నాయి. మంచి ఎపాక్సీ పూతలకు ఎస్‌ఏ 2½ అడగడం మామూలు. అంటే నీడల్లాంటి మరకలు తప్ప ఇంకేమీ మిగలకూడదు. నంద్యాల షెడ్డులో ఇది సాధ్యమా అంటే, పనిని ముక్కలు చేసుకుంటే చాలామట్టుకు సాధ్యమే.

మొదటి అడుగు గీకడం అనుకుంటారు. కాదు, కడగడం. జిడ్డు మీద గ్రైండరు పెడితే చక్రం ఆ జిడ్డును ఇనుము గరుకులోకి రుద్దుతుంది. సబ్బు నీళ్లతో కడిగి, ఆరబెట్టి, శుభ్రమైన గుడ్డతో థిన్నరు పెట్టి తుడిచి, ఆ తరువాతే పనిముట్టు పట్టాలి. ఎరువు మోసిన బండైతే మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడిగి ఉప్పు పోగొట్టాలి. కింద కాలిన ఇంజను ఆయిలు పూసే అలవాటు ఉన్న బండ్లకు ఈ మెట్టు మరీ ముఖ్యం. ఆ నూనె ఉన్నచోట ఏ పూతా అంటదు.

తరువాత పెచ్చులు ఊడగొట్టాలి. చిన్న సుత్తితో కొడుతూ పోతే రేకే చెబుతుంది. గట్టి రేకు ఖంగుమంటుంది, కుళ్లిన రేకు మొద్దుగా పలుకుతుంది. మొద్దుగా పలికిన చోటు లప్పానికి చోటు కాదు. కోసి, మంచి ఇనుము దగ్గర ఆగి, కొత్త రేకు వెల్డింగ్ చేయాల్సిన చోటు. పెచ్చులు పోయాక తీగ చక్రం పెట్టడం అలవాటు. ఇక్కడ ఒక మోసం దాగి ఉంది. తీగ చక్రం గట్టి తుప్పును తీయకుండా సానపెడుతుంది. అది నల్లగా నిగనిగలాడితే ఇనుమనుకుని వదిలేస్తాం. 80 నంబరు ఉప్పు కాగితంతోనో రాపిడి చక్రంతోనో తెల్లటి లోహం కనబడేదాకా పోవాలి. తెల్లగా కనబడిందే ఇనుము, నల్లగా మెరిసేది ఇంకా తుప్పే.

విప్పదగిన భాగాలకు, అంటే బ్రాకెట్లు, బ్యాటరీ తట్ట, సీటు పట్టాలు, చక్రాల రిమ్ములకు, చేతికష్టం అంతగా అక్కర్లేదు. నిమ్మ ఉప్పు దుకాణంలో దొరుకుతుంది. లీటరు నీటికి యాభై, వంద గ్రాములు కలిపి నానబెడితే గంటల్లో తుప్పు వదులుతుంది. బెల్లపు మడ్డిని తొమ్మిదింతల నీళ్లలో కలిపి వారం రెండు వారాలు నానబెట్టినా వదులుతుంది. నెమ్మదిగా పనిచేస్తుంది కానీ మంచి ఇనుము జోలికి పెద్దగా పోదు. ఇంకా లోతైన పనికి బట్టల సోడా నీళ్లు, 12 వోల్టుల ఛార్జరు చాలు. తుప్పు పట్టిన భాగాన్ని ఛార్జరు మైనస్‌కు, పనికిరాని మామూలు ఇనుప ముక్కను ప్లస్‌కు తగిలించి, రెండూ తగలకుండా నీళ్లలో ఉంచితే తుప్పు వదులై రాలుతుంది. ఆ ఇనుప ముక్క బదులు స్టెయిన్‌లెస్ స్టీలు మాత్రం పెట్టకూడదు. అందులోని క్రోమియం విషంగా మారి నీళ్లలో కలుస్తుంది. పనిచేసే చోట గాలి ఆడాలి, నిప్పు ఉండకూడదు. అందులోంచి హైడ్రోజన్ వస్తుంది.

మరుగుదొడ్డి కడిగే ఆమ్లంతో తుప్పు తీసేవాళ్లూ ఉన్నారు. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. తుప్పును క్షణాల్లో తీస్తుంది, దానితోపాటే క్లోరైడును ఇనుము రంధ్రాల్లో వదిలి వెళుతుంది. ఏ ఉప్పును పోగొట్టడానికి ఇంత కష్టపడుతున్నామో ఆ ఉప్పునే మళ్లీ పూస్తుంది. స్ప్రింగులు, కమాను పట్టీలు, గట్టి బోల్టుల మీద ఏ ఆమ్లమూ, పైన చెప్పిన కరెంటు పద్ధతీ వాడొద్దు. అలాంటి ఉక్కులోకి హైడ్రోజన్ దిగి అది పెళుసవుతుంది. పైకి మచ్చ కూడా కనబడకుండా బరువు మీద పుటుక్కున విరుగుతుంది. అది ప్రాణాల మీదికి వచ్చే పని.

తుప్పు తీసిన ఇనుము కత్తిగాటు పడ్డ చర్మం లాంటిది. వదిలేస్తే కొన్ని గంటల్లోనే మళ్లీ లేత ఎరుపు తిరుగుతుంది. తెల్లారి మంచుకు వదిలేసి రేపు ప్రైమరు కొడదామనుకుంటే ఇవాళ్టి పనంతా వృథా. గుంటల్లో మిగిలిన నల్లచుక్కలకు ఫాస్ఫారిక్ ఆమ్లమో కన్వర్టరో పెట్టి, డబ్బా మీద చెప్పిన ప్రకారం కడిగి, ఆరబెట్టి, అదే పూట రెండు డబ్బాలవి కలిపి వాడే ఎపాక్సీ ప్రైమరు కొట్టాలి. లప్పం పెట్టాల్సి వస్తే ఆ ఎపాక్సీ మీద పెట్టాలి. లప్పం నీళ్లు పీల్చే వస్తువు. దాన్ని నేరుగా ఇనుము మీద, మరీ ముఖ్యంగా తుప్పు మీద పెడితే తడిగుడ్డ కట్టినట్టే. చివరగా తలుపుల కింద, పట్టీల కింద ఉన్న నీటి రంధ్రాలు తెరిచి ఉన్నాయో లేదో చూడాలి. షెడ్లలో డాంబరు పూత వేసేటప్పుడు వాటిని మూసేస్తారు. నీరు దిగే దారి మూసి పైన ఎంత మంచి రంగు వేసినా అది నీళ్ల తొట్టికి వేసిన రంగే.

కార్ల ఫ్యాక్టరీలు కూడా ఇదే వరసలో నడుస్తాయి. ముందు జిడ్డు కడుగుతారు, తరువాత ఫాస్ఫేటు పొర ఎక్కిస్తారు, ఆ తరువాత బండి ఒళ్లంతా పూత తొట్టిలో ముంచి కరెంటుతో ప్రైమరు పట్టిస్తారు. మనం చూసి ముచ్చటపడే రంగు ఆఖర్న వస్తుంది. మా షెడ్లలో మొదటి మూడు మెట్లకు అరపూట, ఆఖరి మెట్టుకు మూడు రోజులు ఇస్తున్నాం. ఆ లెక్క తిరగబడాలి.

అవతలివాళ్ల వాదనలోనూ ఒప్పుకోవాల్సినవి ఉన్నాయి, ఒప్పుకుంటాను. వచ్చే ఏడాది తుక్కుకు పోయే ట్రాలీకి ఇంత శ్రమ అనవసరం. చెయ్యి దూరని డబ్బా చట్రాల లోపల తుప్పు మొత్తం తీయడం అసాధ్యం. అక్కడ మైనమో, పాకే నూనెపూతో లోపలికి కొట్టి తుప్పును నెమ్మదింపజేయడమే చేయగలం. కానీ చేయలేనిచోట వర్తించే మాటను చేయగలిగిన చోటికి కూడా తెచ్చి, అదే పద్ధతి అని చెప్పడాన్ని ఒప్పుకోను.

తుప్పు మొత్తం తీయమని అడుగుతున్నప్పుడు, తీసే చేతుల గురించి కూడా అడగాలి. కుందూ ఇసుకను గాలి ఒత్తిడితో కొట్టి తుప్పు తీయడం తేలిక దారిగా కనిపిస్తుంది. ఆ ఇసుక పగిలినప్పుడు లేచే సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి రాదు. బ్రిటన్ ఫ్యాక్టరీల్లో పోత వస్తువులను ఇసుకతో కొట్టడాన్ని 1949లోనే నిషేధించింది. బ్లాస్టింగ్ చేయించాలంటే మన శ్రీకాకుళం తీరపు ఇసుకలో దొరికే గార్నెట్ లాంటివి వాడాలి, మనిషికి గాలి అందే ముసుగు ఉండాలి. గ్రైండరు దగ్గర కళ్లద్దాలు, రెండు డబ్బాల రంగు కొట్టేటప్పుడు సరైన మాస్కు ఇవ్వాలి. ముక్కుకు చేతిరుమాలు కట్టుకున్న పదహారేళ్ల పిల్లవాడి చేత ఈ పని చేయించి, తుప్పు బాగా పోయిందని సంతోషించడం నాకు చేతకాదు. కూలి పెంచమంటున్నది ఆ మాస్కు ఖర్చు కూడా కలుపుకునే.

ఆళ్లగడ్డకు పేరు తెచ్చింది రాతి శిల్పం. భౌగోళిక గుర్తింపు పొందిన కళ అది. అక్కడి శిల్పి ఉలి పెట్టే ముందు బండను సుత్తితో తట్టి వింటాడు. లోపల చీలిక ఉంటే రాయి గొంతు మారుతుంది. చీలిక ఉన్న రాయిని ఎంత నునుపుగా చెక్కినా విగ్రహం నిలవదని అతనికి తెలుసు, అందుకే దాన్ని పక్కన పెడతాడు. అదే ఊళ్లో, అదే రోడ్డు పక్కన, అదే సుత్తి చేతిలో ఉన్న టింకరింగ్ మేస్త్రీకి ఆ వినికిడి లేదంటే నేను నమ్మను. మొద్దుగా పలికిన రేకు ఏమంటోందో అతనికి బాగా తెలుసు. విని కూడా లప్పం పెట్టమని అడుగుతున్నది మనం.

అందుకే ఈసారి బండి షెడ్డులో వదిలేటప్పుడు రంగు నంబరు చెప్పి వచ్చేయకండి. "మేస్త్రీ, తుప్పు తీసినాక ప్రైమరు కొట్టేముందు నాకు ఫోన్ చెయ్యి, నేనొచ్చి ఇనుము చూస్తాను. దానికి పట్టే కూలి వేరే ఇస్తాను" అని చెప్పండి. అతను ఫోన్ చేస్తే వెళ్లండి. వేలితో తడిమి, సుత్తితో తట్టి, తెల్లటి ఇనుమును కళ్లారా చూసి, అప్పుడు కొట్టమనండి ప్రైమరు.